వెళ్ళేటప్పుడు 130, వచ్చేటప్పుడు 336: ఒక బోటు దిక్సూచి కేసు

సంక్రాంతికి పది రోజుల ముందు ఒక పెద్దాయన, ఆయన కొడుకు ఒడిశా బరంపురంలో నా షాపుకి వచ్చారు. పాత తువ్వాలులో చుట్టిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. మూత మీద చిన్న డిస్‌ప్లే, దాని మీద మూడు అంకెలు. డిజిటల్ కాంపాస్.

"ఏటి బాబూ ఇది? ఎల్లినప్పుడు బాగానే సూపిత్తాది. తిరిగొచ్చినప్పుడే దారి తప్పిత్తాది," అన్నాడు పెద్దాయన.

జీపీఎస్‌లు, ఫిష్ ఫైండర్లు, వైర్‌లెస్ సెట్లు బాగుచేయడం నా పని. గోపాల్‌పూర్ నుంచి సోనాపూర్ దాకా ఉన్న వేట ఊళ్ళలో చాలా ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు, పిల్లలు బళ్ళో ఒడియా చదువుతారు. అక్కడి బోట్ల సామాను నా దగ్గరికి ఎక్కువగా వస్తుంది. "పాడైంది" అనే మాట రోజూ వింటాను. "వెళ్ళేటప్పుడు బాగుంది, వచ్చేటప్పుడు బాగోలేదు" అని చెప్పినవాళ్ళు మాత్రం తక్కువ. ఆ ఒక్క మాటలోనే సగం రిపేరు ఉంది. అందుకే ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

జరిగింది ఇది. వాళ్ళది ఫైబర్ బోటు, నలుగురు మనుషులు. ఊరు సోనాపూర్‌కి కాస్త ఇవతల. సముద్రం వాళ్ళకి ఆగ్నేయంగా ఉంటుంది కాబట్టి ఉత్తరం నుంచి కుడి వైపుకి లెక్కపెట్టే డిగ్రీల్లో 130 పట్టుకుని బయటికి వెళ్తారు, 310 పట్టుకుని ఇంటికి వస్తారు. ఆ రాత్రి ఒడ్డు నుంచి సుమారు 20 కిలోమీటర్లు వెళ్ళి వల వేశారు. తెల్లవారుజామున వల ఎత్తేసరికి చేతి జీపీఎస్‌లో చార్జింగ్ లేదు, పైన మంచు పట్టేసింది. ఈ డబ్బా ఉంది కదా అని 310 పెట్టి నడిపారు. మంచు విడిచాక చూస్తే ఎదురుగా ఒడ్డుంది, కానీ అది వాళ్ళ ఊరు కాదు. నైరుతి దిక్కుగా తొమ్మిది కిలోమీటర్లు జారిపోయి ఆంధ్రా ఒడ్డుకి తేలారు. డీజిల్ అడుక్కి వచ్చేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ మాట చెబుతున్నప్పుడు కొడుకు గొంతు మారింది.

డబ్బా విప్పే ముందు రెండు ప్రశ్నలు అడిగాను. వెళ్ళేటప్పుడు బాగుందని ఎలా తెలిసింది? "జీపీఎస్‌లో 130, ఇందులోనూ 130. రెండూ పక్కపక్కనే పెట్టి సూసినాం అన్నయ్యా," అన్నాడు కొడుకు. వచ్చేటప్పుడు ఎప్పుడైనా అలా పోల్చి చూశారా? లేదు. కొన్నప్పుడు ఒకసారి వెళ్ళేటప్పుడు చూశారు, సరిపోయింది, నమ్మేశారు. వాళ్ళ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

తప్పు ఎక్కడుందో తిరుగుడులోనే తెలుస్తుంది

దిక్సూచిలో తప్పులు మూడు రకాలుగా కనబడతాయి. బోటు ఎటు తిరిగినా తప్పు ఒకేలా ఉంటే అది స్థిరమైన తప్పు. డెక్లినేషన్, అంటే ముల్లు చూపే ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ ఉన్న తేడా, తప్పుగా వేసినా, డబ్బాని బోటు మధ్యగీతకి వంకరగా బిగించినా ఇలాగే వస్తుంది. బోటు ఒక చుట్టు తిరిగేలోపు తప్పు ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్ అయితే దగ్గర్లో అయస్కాంతం లాంటిది ఏదో ఉన్నట్టు. దాన్ని హార్డ్ ఐరన్ అంటారు. ఒక చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గితే సాఫ్ట్ ఐరన్, అంటే తనకంటూ అయస్కాంతం లేకపోయినా భూమి అయస్కాంత క్షేత్రాన్ని తన వైపు లాక్కునే ఇనుము. ఓడల మీద పనిచేసేవాళ్ళు వీటికే ఏ, బీ, సీ, డీ, ఈ అని ఐదు గుణకాలు పెట్టుకున్నారు. ఏ స్థిరమైనది, బీ సీ హార్డ్ ఐరన్, డీ ఈ సాఫ్ట్ ఐరన్.

ఒక దిక్కున సరిగ్గా ఉండి, దానికి ఎదురు దిక్కున బాగా తప్పుతోందంటే ఒక్క తప్పుతో అది జరగదు. స్థిరమైన తప్పు ఒక్కటే అయితే వెళ్ళేటప్పుడూ తప్పాలి. హార్డ్ ఐరన్ ఒక్కటే అయితే, వెళ్ళేటప్పుడు సున్నా ఉన్నచోట వచ్చేటప్పుడూ దాదాపు సున్నాయే ఉండాలి. అంటే రెండూ ఉన్నాయి. వెళ్ళే దారిలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి, వచ్చే దారిలో ఒకదానికొకటి తోడవుతున్నాయి. డబ్బా విప్పకముందే ఆ అనుమానం గట్టిపడింది.

పెద్దాయన దగ్గర ఇంకో కారణం ఉంది. "మా ఇసకలో ఇనుముంది బాబూ. నల్ల ఇసక. అదే లాగేత్తంది." ఆయన ఊరికే అన్న మాట కాదు. గంజాం తీరం ఇసుకలో ఇల్మనైట్ అనే ఇనుము కలిసిన ఖనిజం ఉంటుంది, ఛత్రపూర్ దగ్గర ఆ ఖనిజం కోసమే ఇసుక తవ్వుతారు. అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి ఆ ఇసుకలో ఈడిస్తే నల్లటి రేణువులు మీసాల్లా అంటుకుంటాయి. ఆయన మాట తీసిపారేయకుండా తర్వాత ఊరు వెళ్ళినప్పుడు పరీక్షించాను. సెన్సర్‌ని ఇసుకకి జానెడు ఎత్తులో పెట్టి, తర్వాత తలెత్తు దాకా లేపి చూశాం. అంకె కదలలేదు. పైగా దారి తప్పింది ఒడ్డుకి 20 కిలోమీటర్ల అవతల. ఇసుక మీద నేరం లేదని ఆయనా ఒప్పుకున్నాడు.

డబ్బా లోపల

లోపల లెక్కలు చేసే మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి, దిక్కు పసిగట్టే చిన్న నీలం రంగు సెన్సర్ బోర్డు ఉన్నాయి. ఇలాంటి బోర్డుల మీద హెచ్‌ఎమ్‌సీ5883ఎల్ అని రాసి ఉన్నా లోపల క్యూఎమ్‌సీ5883ఎల్ ఉండటం మామూలే. రెండూ వేరు వేరు చిప్‌లు. మొదటిది హెక్సాలో 1ఈ అడ్రస్‌కి పలుకుతుంది, రెండోది 0డికి. మూడు దిశల్లో కొలిచిన అంకెల్ని మొదటిది ఎక్స్, జెడ్, వై వరసలో ఇస్తుంది, రెండోది ఎక్స్, వై, జెడ్ వరసలో. ఒకదాని కోడ్ ఇంకోదానికి వేస్తే అంకెలు కలగాపులగమై దిక్కు చెత్తగా వస్తుంది. ఇందులో ఉన్నది క్యూఎమ్‌సీ, కోడ్ కూడా దానిదే. అది సరిగ్గానే ఉంది.

డెక్లినేషన్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. కోడ్‌లో ఆ విలువ 0.22 అని ఉంది. రేడియన్లలో, అంటే కోణానికి ఇంకో కొలతలో. డిగ్రీల్లోకి మారిస్తే 12.6. లెక్క చివర దాన్ని దిక్కుకి కలుపుతోంది.

ఆ అంకె నాకు కొత్త కాదు. ఇంటర్నెట్‌లో దొరికే ఉదాహరణ కోడ్‌లో అది కనబడుతుంది, సుమారు 13 డిగ్రీల డెక్లినేషన్ ఉండే చోటు కోసం రాసిన అంకె అది. న్యూయార్క్ వైపు అలా ఉంటుంది, అది కూడా పడమరకి. పక్కనే "మీ ఊరి విలువ ఇక్కడ వేసుకోండి" అని రాసి ఉంటుంది. డబ్బా తయారుచేసినవాళ్ళు ఆ వాక్యం దాటేశారు. మన గంజాం, గజపతి, శ్రీకాకుళం ప్రాంతంలో డెక్లినేషన్ ఒక డిగ్రీ లోపే, పడమర వైపు. అంటే ఇక్కడ ఏ విలువా వేయకుండా వదిలేసినా ఒక డిగ్రీ తప్పు కూడా రాదు. తెచ్చి వేసిన విలువే 13 డిగ్రీలు తప్పించింది.

డెక్లినేషన్ అంటే ఏమిటో పెద్దాయనకి బల్ల మీద రెండు అగ్గిపుల్లలు పెట్టి చూపించాను. ఒకటి ధ్రువం వైపు చూసే నిజమైన ఉత్తరం, ఇంకోటి ముల్లు చూపించే ఉత్తరం. రెండింటి మధ్య కోణమే డెక్లినేషన్. ముల్లు నిజమైన ఉత్తరానికి తూర్పుగా ఉంటే ప్లస్, పడమరగా ఉంటే మైనస్. ముల్లు చెప్పినదానికి దాన్ని గుర్తుతో సహా కలిపితే నిజమైన దిక్కు వస్తుంది. ఊరు మారితే విలువ మారుతుంది, ఏళ్ళు గడిస్తే అదే ఊళ్ళో కూడా మారుతుంది. అందుకే ప్రపంచ అయస్కాంత నమూనాని అయిదేళ్ళకోసారి కొత్తగా విడుదల చేస్తారు, ఇప్పుడు నడుస్తున్నది 2025ది. అక్షాంశం, రేఖాంశం, తేదీ ఇస్తే విలువ వస్తుంది. "ఆ సన్న పుల్లంత తేడాకి ఇంత గొడవా?" అన్నాడు ఆయన. మన దగ్గర ఆ తేడా నిజంగానే సన్న పుల్లంత. గొడవ మిగతా దాంతోనే.

హార్డ్ ఐరన్ సవరణలు కూడా కోడ్‌లో ఉన్నాయి. అంటే ఎవరో తప్పు కొలిచి సరిచేసే పని, కాలిబ్రేషన్, చేశారు. అయితే షాపులో, డబ్బాని చేతిలో పట్టుకుని తిప్పి చేశారు. ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పమంటారు చూడండి, అలా. ఫోన్‌కి అది సరిపోతుంది, ఎందుకంటే ఫోన్ ఎప్పుడూ తన ఇనుముని తనతోనే మోసుకు తిరుగుతుంది. బోటులో బిగించిన సెన్సర్‌కి ఒళ్ళు అంటే డబ్బా కాదు, బోటు మొత్తం. కాలిబ్రేషన్ బోటుకి చేయాలి.

ఉప్పుటేరులో రెండు చుట్లు

ఆ ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. బాహుదా నది సముద్రంలో కలిసే వైపు ఉప్పుటేరులో నీళ్ళు కదలకుండా ఉండే గంట చూసుకున్నాం. పోటు ఆగి, పాటు మొదలవకముందు దొరికే ఆ కాసేపు చాలు. ఏదీ మార్చొద్దని చెప్పాను. డబ్బా వేటకి వెళ్ళినప్పుడు ఎక్కడ ఉంటుందో అక్కడే, మిగతా సామాను కూడా ఎక్కడివక్కడే. మొదట జబ్బు ఉన్నది ఉన్నట్టు చూడాలి, మందు తర్వాత.

పెద్దాయన ఇంజను నెమ్మది చేసి, చుట్టుకి రెండు నిమిషాలు పట్టేలా బోటుని రెండు చుట్లు తిప్పాడు. నేను ఎక్స్, వై అంకెలని బ్లూటూత్‌లో ఫోన్‌కి పంపి, తెర మీద చుక్కలుగా గీయించాను. ఎక్స్ అంటే బోటు ముక్కు వైపు, వై అంటే కుడి వైపు. దగ్గర్లో ఏ అయస్కాంతమూ లేకపోతే ఆ చుక్కలు సున్నా చుట్టూ గుండ్రంగా పడాలి. ఇక్కడా గుండ్రంగానే పడ్డాయి. కొడుకు నా భుజం మీదుగా చూస్తూ, "సున్నా మధ్యలో నేదు కదన్నయ్యా," అన్నాడు. అతనికి నేనేమీ వివరించలేదు. చక్రం పక్కకి జరిగిపోయి ఉందని చూడగానే పట్టేశాడు.

ఈ చిప్ 8 గాస్ రేంజిలో గాస్‌కి 3000 చొప్పున అంకెలిస్తుంది. ఒక గాస్ అంటే 100 మైక్రోటెస్లా, రెండూ అయస్కాంత క్షేత్రం కొలతలే. మైక్రోటెస్లాల్లోకి మార్చి చూస్తే ఎక్స్ గరిష్ఠం 46, కనిష్ఠం మైనస్ 34. వై గరిష్ఠం 33, కనిష్ఠం మైనస్ 47. గరిష్ఠం, కనిష్ఠం కలిపి సగం చేస్తే చక్రం కేంద్రం వస్తుంది. ఎక్స్‌లో 6, వైలో మైనస్ 7. గరిష్ఠంలోంచి కనిష్ఠం తీసి సగం చేస్తే వ్యాసార్ధం. రెండింట్లోనూ 40. వ్యాసార్ధాలు సమానంగా ఉన్నాయి కాబట్టి చక్రం సాగలేదు, సాఫ్ట్ ఐరన్ గురించి టెన్షన్ లేదు. కేంద్రం మాత్రం సున్నాకి 9 మైక్రోటెస్లాలకి పైగా దూరం జరిగింది. 40కి 9 అంటే, ఏ దిక్కున ఉన్నామన్నదాన్ని బట్టి 13 డిగ్రీల దాకా తప్పు.

ఇప్పుడు వాళ్ళ దారి లెక్క వేద్దాం. బోటు నిజంగా 130లో వెళ్తోందనుకుందాం. ఈ జరిగిన కేంద్రం వల్ల సెన్సర్‌కి అది 117.6గా కనబడుతుంది, అంటే 12.4 తక్కువ. దానికి కోడ్ 12.6 కలుపుతుంది. డిస్‌ప్లే మీద 130. అంత పెద్ద రెండు తప్పులు కలిసి పావు డిగ్రీ కూడా మిగల్లేదు. తిరుగు దారిలో నిజమైన 310 సెన్సర్‌కి 323గా కనబడుతుంది. దానికి 12.6 కలిస్తే డిస్‌ప్లే మీద 336. వాళ్ళు డిస్‌ప్లే మీద 310 కనబడేదాకా ముక్కు తిప్పారు. అప్పుడు బోటు నిజంగా వెళ్ళింది 285లో, ఇంటి దారికి 25 డిగ్రీలు ఎడమగా. 20 కిలోమీటర్లకి 25 డిగ్రీలంటే ఒడ్డు వెంట తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. వాళ్ళు తేలిన చోటుకి లెక్క సరిపోయింది.

ఆ లెక్క ఇసుక మీద వేలితో గీసి చూపిస్తే పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ రోజు నా సెయ్యి తప్పలేదన్నమాట," అన్నాడు. తన చేతి మీద చుక్కాని తప్పిందేమో అని పది రోజులుగా ఆయన మనసులో ఉందని అప్పుడు తెలిసింది నాకు. ఈ ఉద్యోగంలో నాకు దక్కే పెద్ద జీతం అలాంటి క్షణమే.

ఇనుము ఎక్కడిది

సాఫ్ట్‌వేర్‌లో 6, మైనస్ 7 తీసేసి వచ్చేయొచ్చు. చాలామంది అక్కడే ఆపేస్తారు. అది తప్పని గట్టిగా చెబుతాను. ఆ అయస్కాంతం ఎక్కడుందో తెలియకుండా అంకె మాత్రం తీసేస్తే, రేపు ఆ వస్తువు జానెడు జరిగినా మళ్ళీ మొదటికి వస్తుంది, అదీ ఎవరికీ తెలియకుండా.

బోటుని లంగరు వేసి కదలకుండా ఉంచి, ఎక్స్, వై అంకెలు చూస్తూ ఒక్కొక్క వస్తువు తీయించాను. డబ్బా బిగించిన పలక మీదే ఎఫ్ఎమ్ రేడియో ఉంది. దాని స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. రేడియో తీయగానే రెండు అంకెలూ గెంతాయి. తప్పులో సగానికి పైగా అదే. తర్వాత డబ్బా స్క్రూలు. "అవి స్టీలువి, తుప్పు పట్టవు," అన్నాడు కొడుకు. తుప్పు పట్టకపోవడానికీ అయస్కాంతం అంటకపోవడానికీ సంబంధం లేదు. 304 రకం స్టెయిన్‌లెస్ కూడా వంచి, సాగదీసి స్క్రూగా చేసేటప్పుడు కొంచెం అయస్కాంత గుణం తెచ్చుకుంటుంది. వీటికి చిన్న అయస్కాంతం పెడితే టక్కున అంటుకున్నాయి. ఇచ్ఛాపురంలో ఇత్తడి స్క్రూలు తెప్పించి వేశాం. రేడియోకి బోటు వెనక భాగంలో, డబ్బాకి రెండు మీటర్ల దూరంలో చోటు చూశాం. అయస్కాంతం ప్రభావం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది కాబట్టి రెండు మీటర్లు ధారాళంగా సరిపోయింది.

మళ్ళీ రెండు చుట్లు తిప్పితే కేంద్రం ఎక్స్‌లో 1.5, వైలో మైనస్ 2. మిగిలింది ఇంజనుది, అది ఎక్కడికీ పోదు. ఇప్పుడు ఈ కొంచెం అంకెని సాఫ్ట్‌వేర్‌లో తీసేశాను. 0.22ని చెరిపి, నమూనా ఇచ్చిన విలువని మైనస్ గుర్తుతో వేశాను.

ఇక్కడ మన తీరానికి ఒక మేలు ఉంది. భూమి అయస్కాంత క్షేత్రం ఇక్కడ నేలలోకి 25 నుంచి 30 డిగ్రీల మధ్య మాత్రమే వంగుతుంది. తిరునల్వేలి వైపు వెళ్తే దాదాపు అడ్డంగానే ఉంటుంది. లండన్‌లో 66 డిగ్రీలు వంగుతుంది. దిక్సూచికి పనికొచ్చేది అడ్డంగా ఉండే భాగమే. అది మన దగ్గర సుమారు 40 మైక్రోటెస్లా, అక్కడ దాదాపు అందులో సగం. అదే రేడియో, అదే స్క్రూలు ఆ సముద్రంలో అయితే రెట్టింపు తప్పు తెచ్చేవి. బోటు ఒరిగినప్పుడు వచ్చే తప్పూ అంతే. పది డిగ్రీలు ఒరిగితే మన దగ్గర అయిదు డిగ్రీల దాకా తేడా వస్తుంది, అక్కడ ఇరవై దాటుతుంది. అందుకని ఈ బోటుకి ఒరుగుడు లెక్కగట్టే ఇంకో సెన్సర్ పెట్టలేదు. కెరటానికి బోటు ఎడమకీ కుడికీ ఊగుతుంది కాబట్టి పది సెకన్ల సగటు తీసుకుంటే ఆ తప్పు చాలావరకు కరిగిపోతుంది. సగటు మాత్రం ఎక్స్, వైలకి తీయాలి, డిగ్రీలకి తీయకూడదు. 359కీ 1కీ సగటు 180 అని కంప్యూటర్ చెబుతుంది. ఉత్తరం వైపు వెళ్తున్న బోటుకి దక్షిణం చూపిస్తుంది.

దారం నీడ

సరిచేశాక సరిచూడాలి, అదీ సెన్సర్‌తో సంబంధం లేని దానితో. మొదటిది జీపీఎస్. కదలని నీళ్ళలో ఎనిమిది దిక్కులకీ రెండేసి వందల మీటర్లు తిన్నగా నడిపించి, జీపీఎస్ చూపించే దిశతో పోల్చాం. ప్రవాహం కొంచెం ఉన్నా లెక్కలో కొట్టుకుపోయేలా వెళ్ళిన దారినే ఎదురు కూడా వచ్చాం. ఎక్కడా 3 డిగ్రీలు దాటలేదు.

రెండోది సూర్యుడు. పండగ మూడు రోజులూ ఆ ఊళ్ళో వేట లేదు, బోట్లన్నీ ఇసుక మీదికి లాగి ఉన్నాయి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానికి పెట్టింది. గోపాల్‌పూర్, సోనాపూర్ దానికి రెండు డిగ్రీల పైచిలుకు తూర్పున ఉన్నాయి కాబట్టి అక్కడ మిట్టమధ్యాహ్నం తొమ్మిది, పది నిమిషాలు ముందే రావాలి. కానీ జనవరి మధ్యలో సూర్యుడు గడియారం కంటే తొమ్మిది నిమిషాలు వెనకబడి నడుస్తాడు. రెండూ కొట్టేసుకుని, సంక్రాంతి రోజుల్లో ఈ ఒడ్డున మిట్టమధ్యాహ్నం దాదాపు సరిగ్గా పన్నెండుకే పడుతుంది. ఆ క్షణాన నిలువుగా వేలాడే దేని నీడైనా నిజమైన ఉత్తరం వైపే పడుతుంది. అయస్కాంతంతో, డెక్లినేషన్‌తో పని లేదు.

వలకి కట్టే సీసం గుండుని నైలాను దారానికి కట్టి వేలాడదీశాం. సీసానికి అయస్కాంతం అంటదు, అందుకే అది. కింద బోటు పలక మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద బోటు మధ్యగీతని స్కేలుతో గీశాం. గాలికి గుండు ఊగుతుంటే కొడుకు దాన్ని నీళ్ళ బకెట్లోకి దించాడు, ఊగుడు ఆగింది. చిన్న చిట్కా, కానీ అది నాకు తట్టలేదు. ఫోన్‌లో టైం చూస్తూ పన్నెండు కొట్టగానే నీడ మీద పెన్సిల్‌తో రెండు చుక్కలు పెట్టాను. అక్కడ తాత్సారం చేయకూడదు, ఆ వేళ నీడ మూడు నిమిషాల్లోపే ఒక డిగ్రీ తిరిగిపోతుంది. చుక్కలు కలిపి, స్కూలు పిల్లల కోణమానినితో కొలిస్తే నీడకీ బోటు ముక్కుకీ మధ్య 128 డిగ్రీలు. డిస్‌ప్లే మీద 129.

పెద్దాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లైటు వేస్తే

అంతా అయిపోయిందనుకుని బరంపురం వచ్చేశాను. నాలుగు రోజులకి కొడుకు ఫోన్. "పగలు బాగుందన్నయ్యా. రేతిరి లైటేత్తే 11 డిగ్రీలు జరుగుతంది. ఆర్పేత్తే మళ్ళీ వచ్చేత్తంది."

ఇది నేను చూసుకోవలసింది. పగలు మాత్రమే పరీక్షించాను. బోటు మీద 12 వోల్టుల ఎల్ఈడీ ఫ్లడ్ లైటు ఉంది, 36 వాట్లు. అంటే 3 ఆంపియర్లు. దాని ప్లస్ తీగ పలక కింద, సెన్సర్‌కి అయిదు సెంటీమీటర్ల దూరంలో వెళ్తోంది. మైనస్ తీగ మాత్రం బోటు అవతలి అంచున వెళ్తోంది. ఒక్క తీగలో 3 ఆంపియర్లు పారితే అయిదు సెంటీమీటర్ల దూరంలో 12 మైక్రోటెస్లా పుడుతుంది. రేడియో, స్క్రూలు కలిపి తెచ్చినదాని కంటే ఎక్కువ. ముల్లుకి అది ఇంకో అయస్కాంతంతో సమానం. బొంబాయిలో ఎలక్ట్రిక్ ట్రాములు రాబోతున్నాయని కొలాబాలోని అయస్కాంత పరిశోధనశాలని 1904 నాటికి అలీబాగ్‌కి తరలించింది ఇలాంటి కరెంటు భయంతోనే.

దీనికి ఫోన్‌లోనే వైద్యం చెప్పాను. మైనస్ తీగని కూడా ఈ పక్కకే తెచ్చి, ప్లస్‌తో కలిపి జడలా మెలివేయమన్నాను. వెళ్ళే కరెంటూ వచ్చే కరెంటూ పక్కపక్కనే ఉంటే ఒకదాని ప్రభావాన్ని ఇంకోటి కొట్టేస్తుంది. వీలైతే ఆ జడని డబ్బాకి ఇంకాస్త దూరంగా జరపమన్నాను. మర్నాడు రాత్రి లైటు వేస్తూ ఆర్పుతూ వీడియో తీసి పంపాడు. అంకె ఒక డిగ్రీ కూడా కదల్లేదు.

ఆ రాత్రి దారి తప్పినప్పుడు లైటు వెలుగుతోందా అని కూడా అడిగాను, వెలుగుతూ ఉంటే నా లెక్క మళ్ళీ వేయాలి. వల ఎత్తాక ఆర్పేశారట. లెక్క అలాగే నిలిచింది.

ఇప్పుడు ఆ బోటు పలక మీద, డబ్బా చుట్టూ ఎర్ర పెయింటుతో ఒక గీత ఉంది. ఆ గీత లోపల రేడియో, ఫోన్, కత్తి, గేలాల డబ్బా ఏదీ పెట్టకూడదు. గీత గీసింది నేను కాదు, పెద్దాయనే. ఇంజను మార్చినా, తీగలు మార్చినా మళ్ళీ ఉప్పుటేరులో రెండు చుట్లు తిప్పాలని కొడుక్కి నేర్పాను, కేంద్రం లెక్క కూడా. పక్క బోటు వాళ్ళు అదే చోట కొన్న డబ్బా తెచ్చుకుంటే దాంట్లోనూ 0.22 ఉందట. అది చెరిపి, చుట్లు తిప్పి, అంకెలు నాకు ఫోన్‌లో పంపాడు. ఎక్స్‌లో మైనస్ 3, వైలో 4. రేడియో ఎక్కడుందో కనుక్కోమన్నాను.